స్లాబు కంటే ముందు పాలసీ: మేస్త్రి చేత కార్మికుల బీమా కట్టించడం ఎలా

కాకినాడలో సివిల్ డిప్లొమా చేసి వచ్చిన దగ్గర్నుంచి ఇరవై రెండేళ్లుగా కోనసీమలో ఇళ్ల పనులు చూస్తున్నాను. రావులపాలెం నుంచి రాజోలు దాకా నేను నిలబడి కట్టించిన ఇళ్లలో సగానికి పైగా గల్ఫ్‌లో ఉన్నవాళ్లవే. యజమాని కువైట్‌లోనో ఖతర్‌లోనో ఉంటాడు, ఊళ్లో అమ్మానాన్నలు ఉంటారు. పని కాంట్రాక్టరు చేస్తాడు, ఇంటివాళ్ల తరఫున లెక్కలూ నాణ్యతా నేను చూసుకుంటాను. కూలీలకి బీమా ఉందా అని అడిగే పని కూడా నాదేనని నాకు తెలియడానికి ఒక ప్రాణం పోవాల్సి వచ్చింది.

2014 వేసవి. రెండో అంతస్తు స్లాబుకి సెంట్రింగ్ (కాంక్రీటు గట్టిపడేదాకా కింద మోసే చెక్కల అచ్చు) కొడుతున్నారు. శ్రీకాకుళం నుంచి వచ్చిన ముఠాలో ఒక కుర్రాడు, ఇరవై ఆరేళ్లవాడు, పరంజా బాదు జారి పడిపోయాడు. ఆసుపత్రి చేరకముందే దారిలో పోయాడు. కాంట్రాక్టరు నన్ను పక్కకి పిలిచి, "పాలసీ ఉందండి మేడంగారూ, మీరేం కంగారు పడకండి" అన్నాడు. సాయంత్రం ఫైలు తెప్పిస్తే, అది ఇంటి కట్టడం కోసం చేయించిన పాలసీ. స్లాబు కూలినా, గోడ పడినా, సామాను పాడైనా కంపెనీ ఇస్తుంది. పడిన మనిషికి అందులో ఒక్క రూపాయి లేదు.

మూడో రోజు పెద్దమనుషుల్లో కూర్చున్నారు. లక్షా యాభై వేలకి తెంచారు. తండ్రి చేత తెల్ల కాయితం మీద వేలిముద్ర వేయించారు. భార్య చంటిబిడ్డని ఎత్తుకుని గుమ్మం దగ్గరే నిలబడిపోయింది. ఆ గదిలో నేనూ ఉన్నాను, నోరు మెదపలేదు. చట్టం లెక్కన ఎంత రావాలో తర్వాత కూర్చుని వేశాను. అప్పట్లో లెక్కకి తీసుకునే నెల జీతం గరిష్ఠంగా 8,000. అందులో సగం 4,000. ఇరవై ఆరేళ్ల వయసుకి పట్టికలో ఉన్న గుణకం 215.28. వెరసి 8,61,120 రూపాయలు. ఆ అంకె నాకు ఇప్పటికీ నోటికి వచ్చు.

అప్పటి నుంచి నేను నిలబడే సైట్లో పాలసీ కాపీ నా చేతికి రాకుండా పని మొదలవదు. అది ఎలా చేయిస్తున్నానో రాస్తున్నాను. ఇల్లు కట్టించుకునేవాళ్లకీ, అపార్ట్‌మెంట్లు కట్టే చిన్న బిల్డర్లకీ, నాలాగా సైటు చూసేవాళ్లకీ పనికొస్తుంది.

ముందు చట్టం సంగతి, కొంచెమే. పనిలో ఉండగా పని వల్ల దెబ్బ తగిలితే పరిహారం ఇవ్వాల్సింది పనిలో పెట్టుకున్నవాడు. 1923 నాటి చట్టం ఈ మాట చెప్పింది. 2025 నవంబరు 21 నుంచి సామాజిక భద్రతా స్మృతి అమల్లోకి వచ్చాక ఈ నిబంధనలన్నీ అందులోకి చేరాయి. లెక్క కట్టే పద్ధతి మాత్రం పాతదే. మనిషి చనిపోతే నెల జీతంలో సగం, వయసుని బట్టి ఉన్న గుణకంతో హెచ్చించాలి. పూర్తిగా పనికి రాకుండా పోతే నెల జీతంలో నూటికి అరవై వంతులు తీసుకుని అదే గుణకంతో హెచ్చించాలి. లెక్కకి తీసుకునే జీతం పరిమితిని 2020 జనవరి 3న 15,000కి పెంచారు. మా దగ్గర ఏ తాపీ మేస్త్రి నెల సంపాదన చూసినా ఆ పరిమితి దాటే ఉంటుంది కాబట్టి 15,000 అనే వేసుకోండి. ముప్పై అయిదేళ్లవాడు పోతే 7,500ని 197.06తో హెచ్చిస్తే 14,77,950. ప్రాణం పోకపోయినా లెక్క చిన్నదేం కాదు. అదే వయసు రాడ్ బెండరుకి కటింగ్ మెషీన్లో చేతి బొటనవేలు పోయిందనుకోండి, పట్టిక ప్రకారం అది 30 శాతం నష్టం. పూర్తిగా పనికి రాకుండా పోతే వచ్చే మొత్తంలో 30 శాతం అంటే 5,32,062 రూపాయలు. ఈ రెండు అంకెలూ కాయితం మీద వేసి కాంట్రాక్టరు ముందు పెట్టండి. బీమా ఎందుకని అడిగినవాడు ఆ కాయితం చూశాక ఏజెంటు నంబరు అడుగుతాడు.

ఇక్కడొకటి గుర్తుపెట్టుకోవాలి. పరిహారం ఇవ్వమని చట్టం చెబుతుంది గానీ, పల్లెటూళ్లో ఇల్లు కట్టే మేస్త్రి దగ్గరికి వచ్చి "పాలసీ ఏదీ" అని అడిగే అధికారిని నా సర్వీసులో నేను చూడలేదు. ప్రభుత్వ పనులకైతే టెండరు షరతుల్లో రాసి ఉంటుంది. సొంత పనుల్లో ఆ షరతు రాయాల్సింది, అడగాల్సింది, బిల్లు ఆపాల్సింది మనమే.

మీ పని ఏ పద్ధతిలో జరుగుతోందో చూసుకోండి. మన వైపు మూడు రకాలు. సామానుతో సహా మొత్తం కాంట్రాక్టు ఒకటి. సామాను మనది, చదరపు అడుగుకి ఇంత అని లేబర్ కాంట్రాక్టు రెండోది. రోజు కూలీ మూడోది. రోజు కూలీ అయితే పనిలో పెట్టుకున్నది మీరే, పరిహారం బాధ్యతా మీదే, అందులో వాదనకి చోటు లేదు. బిల్డరు తన వ్యాపారం కోసం ఫ్లాట్లు కడుతూ పనిని లేబర్ మేస్త్రికి ఇస్తే, ఆ మేస్త్రి కూలీలకి కూడా బిల్డరే పరిహారం కట్టాల్సి రావచ్చు. కట్టాక మేస్త్రి దగ్గర వసూలు చేసుకునే హక్కు ఉంటుంది గానీ, చేతిలో తాపీ, మోటారు సైకిలు తప్ప ఏమీ లేని మేస్త్రి దగ్గర ఏం వసూలవుతుంది? సొంతానికి ఇల్లు కట్టుకునేవాళ్లు ఈ నిబంధన తమకి వర్తించదని వాదించుకోవచ్చు. కానీ శనివారం కూలి డబ్బులు మీ చేత్తోనే పంచుతుంటే ఆ వాదన నిలబడటం కష్టం. చట్టం సంగతి అలా ఉంచినా, మన ఇంటి పనిలో మనిషి పోతే వాళ్ల పిల్లల ముఖం చూడాల్సింది మనమే కదా.

ఇక ఒప్పందం. మా వైపు చాలా ఇళ్లకి ఒప్పందం అంటే నోటు పుస్తకంలో ఒక పేజీ, చదరపు అడుగు రేటు, అడ్వాన్సు, రెండు సంతకాలు. ఆ ఒక్క పేజీలోనే ఇంకో నాలుగు వాక్యాలు రాయించండి. నేను రాయించేవి ఇవి:

"ఈ పనిలో ఉండే కూలీలందరికీ, కాంట్రాక్టరు కింద పని తీసుకున్న సెంట్రింగ్, రాడ్, కరెంటు, ప్లంబింగ్ మేస్త్రిల కూలీలతో సహా, కార్మికుల పరిహార బీమా కాంట్రాక్టరు తీసుకోవాలి. పునాది గుంటలు తవ్వకముందే పాలసీ కాపీ యజమానికి ఇవ్వాలి. పాలసీ లేకపోయినా, గడువు దాటినా, యజమాని పని ఆపవచ్చు, బిల్లు ఆపవచ్చు, లేదా తానే పాలసీ తీసుకుని ఆ ప్రీమియం బిల్లులో మినహాయించుకోవచ్చు. పని ఆగినందువల్ల అయ్యే నష్టం యజమాని మీద వేయకూడదు."

చివరి వాక్యం వదిలేయకండి. పని ఆపిన రోజున "కూలీలు ఖాళీగా కూర్చున్నారు, వాళ్ల కూలి ఎవరిస్తారండి" అని మొదట అడిగేది కాంట్రాక్టరే.

పాలసీ గుంటలకి ముందే ఎందుకంటే, మన నేలలో మొదటి ప్రమాదం అక్కడే ఉంది. ఒండ్రు మట్టి, రేగడి, నాలుగడుగులు తవ్వితే ఊట. అందుకే కాలువలు కట్టేసిన వేసవి నెలల్లో పునాదులు తవ్వుతాం. అయినా గుంట ఒడ్డు ఒక్కసారిగా విరిగి లోపలున్న మనిషి మీద పడటం నేను కళ్లారా చూశాను. నడుం దాకా మట్టిలో ఉన్నవాడిని నలుగురం చేతులతో తోడి బయటికి తీశాం, బతికాడు. బీమా స్లాబు రోజుకి తీసుకుందాంలే అనుకునేవాళ్లకి నేను ఆ గుంట సంగతే చెబుతాను.

కాపీ చేతికొచ్చాక చదవాలి. ఇక్కడే చాలామంది పొరబడతారు. పాలసీ అనే మాట చూసి ఫైల్లో పెట్టేస్తారు.

మొదట చూడాల్సింది అది ఏ పాలసీ అన్నది. కాంట్రాక్టర్స్ ఆల్ రిస్క్ అని ఉంటే అది కట్టడానికీ సామానుకీ, పక్కవాళ్లకి జరిగే నష్టానికీ. 2014లో నేను చూసింది అదే. మీకు కావాల్సిన దాని మీద వర్క్‌మెన్ కాంపెన్సేషన్ అనో, ఎంప్లాయీస్ కాంపెన్సేషన్ అనో ఉంటుంది. ఏజెంట్లు డబ్ల్యూసీ పాలసీ అంటారు. న్యూ ఇండియా, యునైటెడ్ ఇండియా, ఓరియంటల్, నేషనల్ అనే నాలుగు ప్రభుత్వ కంపెనీలూ, ప్రైవేటు కంపెనీలూ ఇస్తాయి.

తర్వాత పేరు. ఒప్పందం మీద సంతకం పెట్టినవాడి పేరూ పాలసీ మీద పేరూ ఒకటేనా? బావమరిది పేరున ఉన్న లైసెన్సు మీద పాలసీ తెచ్చిన మేస్త్రిని చూశాను. ఆ పాలసీ ఈ పనికి చెల్లదు. చిన్న మేస్త్రి చేత కట్టించలేక మీరే తీసుకుంటుంటే, ఇంటి యజమాని పేరూ మేస్త్రి పేరూ రెండూ ఉండేలా రాయమని అడగండి.

తర్వాత చోటు. పాలసీలో పని జరిగే స్థలం రాసి ఉంటుంది. అమలాపురం సైటుకి తీసుకున్న పాలసీ జిరాక్సు తెచ్చి మలికిపురం సైట్లో చూపిస్తారు. ఊరు, సర్వే నంబరు, డోర్ నంబరు సరిపోయాయో లేదో చూడండి.

అన్నిటికంటే ఎక్కువ మోసం జరిగేది తలల లెక్కలో. ప్రీమియం మొత్తం కూలి మీద కడతారు కాబట్టి, ఇరవై మంది పనిచేసే చోట అయిదుగురని రాయిస్తారు, 900 కూలి ఉన్న మేస్త్రికి 300 అని రాయిస్తారు. మామూలు రోజుల్లో అది ఎవరి కంటా పడదు. స్లాబు రోజున మిల్లరు దగ్గర, లిఫ్టు దగ్గర, పైన వైబ్రేటరు దగ్గర కలిపి పాతిక ముప్పై మంది ఉంటారు. ఆ రోజు ప్రమాదం జరిగితే కంపెనీ వాళ్లు మొదట అడిగేది హాజరు పుస్తకం. అందుకని పాలసీలో రాసిన మందిని మీ సైట్లో ఎక్కువ రద్దీ ఉండే రోజుతో పోల్చండి, మామూలు రోజుతో కాదు. ఏ పని అని రాశారో కూడా చూడండి. "కూలి" అని ఒక్క మాట రాస్తే చాలదు, సెంట్రింగ్, ఎత్తులో పని, రాడ్ పని అని విడివిడిగా ఉండాలి.

కాంట్రాక్టరు కింద ఉన్న మేస్త్రిల కూలీల సంగతి వేరే అడగాలి. మామూలు పాలసీలో వాళ్లు రారు. వాళ్ల వివరాలు కూడా చెప్పి, దానికి తగిన ప్రీమియం కట్టి చేర్పించుకోవాలి. మన పనుల్లో సెంట్రింగ్ ఎప్పుడూ వేరే ముఠాదే. పడేదీ ఎక్కువగా వాళ్లే. వాళ్లు లేని పాలసీ ఉండీ లేనట్టే. వైద్యం ఖర్చులూ అంతే. పనిలో తగిలిన దెబ్బకి అయిన వైద్యం ఖర్చు ఇవ్వాల్సింది పనిలో పెట్టుకున్నవాడే, కానీ పాలసీలో అది విడిగా ఎంత వరకు ఉందో చూసి చాలకపోతే పెంచుకోవాలి. పరిహారం కట్టడంలో ఆలస్యం చేసినందుకు పడే జరిమానాని మామూలుగా ఏ పాలసీ భరించదు.

చివరగా తేదీలు. ప్రీమియం అందేదాకా కంపెనీ బాధ్యత మొదలవదు. చెక్కు ఇచ్చి కాపీ తెచ్చి, తర్వాత చెక్కు తిరిగొస్తే పాలసీ పోయినట్టే. అందుకే నేను కాపీ మీద ఉన్న బ్రాంచికి ఫోన్ చేసి, పాలసీ నంబరు చెప్పి, అమల్లో ఉందా అని అడుగుతాను. అయిదు నిమిషాల పని.

ఖర్చు గురించి అడుగుతారు. సైటుని బట్టి, మందిని బట్టి మారుతుంది. నేను చేయించిన ఏ ఇంటికీ ప్రీమియం ఒక టన్ను ఇనుము ధర దాటలేదు.

కాంట్రాక్టర్లు చెప్పే మాటలు నాకు కంఠతా వచ్చు. "సెస్సు కట్టాం కదండీ, బోర్డు చూసుకుంటుంది" అంటారు. నిర్మాణ ఖర్చు మీద వేసే ఒక శాతం సెస్సు నిర్మాణ కార్మికుల సంక్షేమ బోర్డుకి వెళుతుంది. బోర్డు చేసే సాయం వేరు, పనిలో పెట్టుకున్నవాడు కట్టాల్సిన పరిహారం వేరు. ఇది కట్టామని అది పోదు. బోర్డులో పేరు నమోదు మాత్రం ప్రతి కూలీ చేత చేయించండి, 18 నుంచి 60 ఏళ్ల లోపు ఉండి ఏడాదిలో 90 రోజులు నిర్మాణ పని చేసినవాళ్లు అర్హులు. "బ్యాంకులో 20 రూపాయల బీమా ఉంది వాళ్లకి" అని ఇంకో మాట. ప్రధానమంత్రి సురక్షా బీమా మంచిదే, ప్రమాదంలో పోతే రెండు లక్షలు వస్తాయి. అది ఆ కూలీ తన డబ్బుతో తాను కట్టుకున్నది. దాన్ని మీ బాకీలో ఎలా తగ్గించుకుంటారు అని అడుగుతాను. ఇక "తాగి ఎక్కాడండి, మా తప్పేముంది" అన్న మాట. మనిషి చనిపోయినా, శాశ్వతంగా మంచం పట్టినా, తాగాడన్న సాకు పనికి రాదు. చట్టం ఆ సంగతి స్పష్టంగా చెప్పింది. తాగినవాడిని పరంజా ఎక్కనివ్వకుండా ఆపాల్సిన మనిషి కింద ఎందుకు లేడు?

ఒక మేస్త్రి మాత్రం నిజం చెప్పాడు. "అమ్మా, రేటు కొట్టి కొట్టి నా దగ్గర తీసుకున్నారు. ఇందులో ప్రీమియం ఎక్కడ మిగులుతుంది?" ఆయన మాట సబబే. అందుకని ఇప్పుడు నేను బేరం అయ్యాక కాకుండా బేరంలోనే ప్రీమియాన్ని విడి అంకెగా రాయిస్తున్నాను. చదరపు అడుగు రేటులో కలిపేస్తే అది మాయమైపోతుంది. విడిగా ఉంటే, రసీదు చూపించాకే ఆ డబ్బు ఇవ్వచ్చు.

పాలసీకి ప్రాణం పోసేది హాజరు పుస్తకం. రోజూ ఉదయం పని మొదలయ్యే ముందు పేరు, ఊరు, ఏం పని, ఎంత కూలి అన్నది రాయించండి. కొత్తగా వచ్చిన ప్రతి మనిషి ఆధార్ ఫొటో తీసుకోండి. పరిహారం వయసు మీద ఆధారపడి ఉంది కాబట్టి పుట్టిన తేదీ కావాలి. నేను రోజూ ఎనిమిదింటికి అందరినీ నిలబెట్టి ఒక ఫొటో తీసి ఇంటివాళ్ల వాట్సాప్ గ్రూపులో పెడతాను. కువైట్‌లో ఉన్న యజమాని ఇల్లు ఎంతవరకు వచ్చిందో చూస్తాడు, నాకు ఆ రోజు ఎవరెవరున్నారో తేదీతో సహా ఉండిపోతుంది. కూలి ఫోన్‌పేలో వేస్తే అది ఇంకో సాక్ష్యం. ఇంకో సంగతి: కొత్త స్మృతిలో ఇంటి నుంచి పనికి వచ్చే దారిలో, తిరిగి వెళ్లే దారిలో జరిగిన ప్రమాదం కూడా, పనితో సంబంధం రుజువైతే, పనిలో జరిగినట్టే లెక్క. తెల్లవారుజామున కాలువ గట్ల మీద ట్రాలీ ఆటోల్లో పదిహేను మందిని కుక్కి తెచ్చే మేస్త్రిలకి ఈ మాట గట్టిగా చెప్పండి.

ప్రమాదం జరిగితే మొదట ఆసుపత్రి. అక్కడ పనిలో పడ్డాడని రాయించండి, బండి మీద నుంచి పడ్డాడని చెప్పనివ్వకండి. కేసులు వద్దనుకుని చెప్పే ఆ ఒక్క అబద్ధంతో మొత్తం పరిహారం పోతుంది. ప్రాణం పోతే పోలీసు రిపోర్టు, పంచనామా, పోస్టుమార్టం తప్పవు. బీమా కంపెనీకి అదే రోజు రాతపూర్వకంగా తెలపండి. కార్మిక శాఖకి చావు గురించి ఏడు రోజుల లోపు నివేదిక వెళ్లాలి. నెల దాటినా డబ్బు కట్టకపోతే 12 శాతం వడ్డీ పడుతుంది, సరైన కారణం లేకపోతే పరిహారంలో సగం దాకా అదనంగా వేయచ్చు.

చనిపోయినవాళ్ల పరిహారం కుటుంబానికి చేతికి ఇవ్వకూడదు. కార్మిక శాఖలో ఈ కేసులు చూసే అధికారి దగ్గర జమ చేయాలి. ఆయన భార్యకి, పిల్లలకి, తల్లిదండ్రులకి ఎవరి వాటా ఎంతో తేల్చి ఇస్తారు. పెద్దమనుషుల్లో తెంచుకుని రాయించుకున్న కాయితంతో చట్టం ఇచ్చిన హక్కు పోదు. కుటుంబం రెండేళ్ల లోపు దరఖాస్తు పెట్టుకోవచ్చు. పని జరిగిన ఊళ్లోనే పెట్టాలని లేదు, తాము ఉండే జిల్లాలోనూ పెట్టుకోవచ్చు. 2014లో ఈ ఒక్క సంగతి తెలిసి ఉంటే, గుమ్మం దగ్గర నిలబడిన ఆ అమ్మాయికి చెప్పేదాన్ని. నాకు తెలిసేసరికి ఆ రెండేళ్లూ దాటిపోయాయి.

స్లాబులు అయిపోయాక పాలసీ గడువు తీరితే చాలామంది వదిలేస్తారు. బయటి ప్లాస్టరింగ్, పెయింటింగ్ అప్పుడే మొదలవుతాయి. అక్టోబరు, నవంబరు గాలుల్లో మూడో అంతస్తు బయట సరుగుడు బాదుల పరంజా మీద నిలబడేది రంగులు వేసేవాళ్లే. గృహప్రవేశం దాకా గడువు పెంచండి.

నేను పాలసీ కాపీ మొదటి పేజీని లామినేషన్ చేయించి సిమెంటు గది తలుపుకి కొట్టిస్తాను. పక్కనే తెలుగులో, ఒడిశా వాళ్లుంటే ఒడియాలో కూడా, దెబ్బ తగిలితే ఎవరికి చెప్పాలో, ఏం వస్తుందో రాయిస్తాను. పనిలో పెట్టుకునేటప్పుడే హక్కులు తెలపడం పనిలో పెట్టుకున్నవాడి విధి కూడా. కిందటి నెల రాజోలు సైట్లో ఒక సెంట్రింగ్ కుర్రాడు ఆ తలుపు ముందు ఆగి ఫొటో తీసుకున్నాడు. ఎవరికి అని అడిగితే, "మా ఇంటిదానికి పంపుతున్నానండి, నంబరు దాని దగ్గర ఉండాలి కదా" అన్నాడు.